ఎద్దుల కొట్టాల్లో మిగిలిన వెబ్‌సైటు

అప్పా, అమ్మా, అందురికీ నమస్కారం. పులివెందుల నుంచి, ప్రొద్దుటూరు నుంచి, సింహాద్రిపురం నుంచి పనులు ఇడిసిపెట్టి ఈ జమ్మలమడుగుకు వచ్చినారు. ముందు వరసలో నాగమ్మత్త కూర్చోనుండాది. బండలాగుడు పోటీల్లో కామెంటరీ చెప్పే నా మైకు ఇనని చెవి ఈ షామియానా కింద లేదు. అదే మైకు ఈ పొద్దు బరువుగా ఉండాది. నాగమ్మత్త పెనిమిటి, మన తిరుపాల్ మామ లేడు.

ముప్పై ఏండ్లు పులివెందుల బస్సులో కండక్టరు. ఎవురు యాడ దిగుతారో అడక్కుండానే టికెట్ కొట్టినోడు. రిటైరయినాక సైటు పెట్టినాడు. ఇండ్ల స్థలం కాదప్పా, ఇంటర్నెట్ సైటు! బండలాగే ఎద్దులకు, ఎద్దుకొక పేజీ. పేరు, ఊరు, ఏ పోటీలో ఎన్ని అడుగులు లాగింది, ఏ తేదీన కన్ను మూసింది. మనుషులకైనా ఎవురు రాస్తారప్పా అంత శ్రద్ధగా?

ఒకసారి కమలాపురం పోటీలో సరదాకు మూడడుగులు ఎక్కువ చెప్పినా. మామ ఆ ఎండలో టేపు పట్టుకోని మళ్లా కొలిచినాడు. “ఎద్దు అబద్ధం లాగలేదు కదరా, నువ్వెందుకు అబద్ధం చెప్తావు?” అన్న్యాడు. నవ్వినా. నాకేం, నవ్వడం నా పని.

ఇప్పుడు నవ్వు రాని మాట చెప్తాండా. ఇనండి.

ప్రొద్దుటూరులో సమీరా నడిపే ఇంటర్నెట్ సెంటరులో మామ ఒంటి వేలుతో టైపు కొడతాంటే ఎనక నిలబడినా. పాస్‌వర్డు కొడతా, ఒక్కో అక్షరం పైకే పలుకుతాండాడు. ఇంకేముంది? ఆయన మొదటి ఎద్దు పేరు, అది లాగిన అడుగులు. తర్వాత పోటీలో, వేలమంది ముందర, ఆ పాస్‌వర్డు మైకులో చెప్పేసినా. జనం ఈలలు. మామ టేపు చుట్టుకుంటా తల వంచుకున్న్యాడు. వారం తిరక్కముందే సైటు పోయింది.

పోయిందంటే మామూలుగా పోలేదు. ఎద్దు పేరు నొక్కితే బెట్టింగు బొమ్మలు, చెప్పుకోలేని మందుల బొమ్మలు. కోడండ్ల ముందర ఫోను తెరిచిన పెద్దమనుషులు మామను తిట్టిపోసినారు. నేనూ ఊరుకోలేదు. “ఏం మామా, ఎద్దులకు కూడా మందులు అమ్ముతాండావా?” అన్న్యా. పది దినాలు ఆయన ఇల్లు దాటి రాలేదు. ఆ మాట అన్న నాలిక ఇదే.

సమీరా సైటులో చెత్తంతా ఊడ్చింది. “దొంగలు మనుషులు కాదు మామా, యంత్రాలు. దొరికిన తలుపునల్లా తడతాంటాయి” అనింది. కావచ్చు. కానీ చెత్తతో పాటు పేజీలూ పోయినాయి. ఇంకో కాపీ యాడా లేదు. పదేండ్ల పని!

లేదనుకున్న్యాం. సింహాద్రిపురం పెద్దసుబ్బమ్మవ్వ బస్సు దిగింది, సంకలో ఒక అట్ట. ఆయమ్మ ఎద్దు పేజీని ఎప్పుడో ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి, కొట్టంలో గోడకు కొట్టుకోనుండాది. ఎద్దు పోయి ఐదేండ్లయినా దానికి రోజూ ఊదుబత్తి. “దీంట్లో చూసి రాసుకో నాయనా” అనింది. అప్పుడు తెలిసిందప్పా. మీరంతా అదే పని చేసినారు! ఏ కొట్టంలో చూసినా మామ పేజీ!

మామ మళ్లా బస్సెక్కినాడు. కొట్టం కొట్టం తిరిగినాడు. పేడ మరకలు తుడిచి, పొగ మసి తుడిచి ఫోటో తీసుకున్న్యాడు. పదకొండు నెలలు, ఒంటి వేలుతో. రెండు నూర్ల పద్నాలుగు ఎద్దులు తిరిగొచ్చినాయి. ఆఖరి పేజీ అయిన పదమూడో దినం ఆయన గుండె ఆగింది.

దానికి ముందు ఒక పొద్దు, తప్పు ఒప్పుకుందామని పోయినా. నోరు తెరవకముందే అన్న్యాడు: “మైకులో చెప్పింది నేనూ ఇన్న్యాలేరా. నీ గొంతు ఇనపడకుండా ఉంటాదా!” అని నా చెవి పట్టుకోని దగ్గరికి లాక్కున్న్యాడు. కొట్టేదానికేమో అనుకున్న్యా. చెవిలో కొత్త పాస్‌వర్డు చెప్పినాడు. “నా తర్వాత నువ్వే రాయాల. దీన్ని మాత్రం కడుపులో పెట్టుకో.”

ఎవురికి ఇచ్చినాడప్పా? చదువుకున్న సమీరాకా? కాదు. దాన్ని పాడు చేసినోనికి!

నిన్న సైటు తెరిచి ఒక పేజీ రాసినా. పేరు తిరుపాల్. ఊరు జమ్మలమడుగు. తేదీ కూడా రాసినా. లాగిన దూరం అనే గడి మాత్రం ఖాళీగా ఇడిసిపెట్టినా. నా కొలత మామ నమ్మడు.

అందురూ లేయండి. నాగమ్మత్తా, నువ్వు కూర్చోమ్మా. రెండు నిమిషాలు ఎవురూ మాట్లాడొద్దు. మీకు రెండు నిమిషాలే. ఆ కొత్త పాస్‌వర్డు కడుపులో మోసేది నేను కాబట్టి, నాకు బతికినన్ని దినాలు.

మైకు ఆపేస్తాండా.