కోటకిచ్చిన ఉంగరం

వార్సా. రాజుగారి కోట ఇప్పుడు మ్యూజియం. బంగారు పూతల పెద్ద హాల్లో, గోడవార బెంచీ మీద అరవై దాటిన అక్కా తమ్ముడూ: లెయొకాదియా, వీతోల్ద్.

"పైకి చూడక్కా. ఆ పూతలో ఎక్కడో అమ్మ పెళ్లి ఉంగరం ఉంది."

"మెడ నొప్పిరా."

"ఒక్కసారి..."

"చూశాను. బాగా మెరుస్తోంది. చాలా?"

"సరే, మ్యూజియం కోసం మన కథ వీడియో తీస్తానన్న ఆ కెమెరా అమ్మాయి వచ్చేలోపు మనం ఓసారి అనేసుకుందాం. యుద్ధంలో జర్మన్లు కోటని పేల్చేశారు. డెబ్బైల్లో మళ్లీ కడుతుంటే ఊరంతా ఎవరికి తోచింది వాళ్లిచ్చారు. మన అమ్మ వేలి ఉంగరం తీసి విరాళాల పెట్టెలో వేసేసింది. అంతా నేనే చెప్తా. నువ్వు పక్కన కూర్చుని అవునంటే చాలు."

"దానికి నేనెందుకు? యాభై ఏళ్లుగా నువ్వొక్కడివే చెప్తున్నావుగా."

"అమ్మ పిల్లలిద్దరం ఉంటే బాగుంటుందంది ఆ అమ్మాయి."

"అమ్మ సమాధికి పూలు పెట్టి వద్దామన్నావు. వూచ్ నుంచి రైలెక్కించి రప్పించింది ఇందుకా?"

"పూలూ పెడదాం. ఇదయ్యాక."

"మరి నన్ను వూచ్ ఎందుకు పంపారో, అదీ చెప్తావా కెమెరాకి?"

"నీకు మిల్లులో ఉద్యోగం వచ్చింది కదక్కా."

"వచ్చిందా? పదిహేడేళ్లదాన్ని బడి మాన్పించి మగ్గాల ముందు నిలబెడితే, దాన్ని ఉద్యోగం రావడం అంటారా?"

"మెల్లగా. ఆ కాపలావాడు చూస్తున్నాడు."

"చూడనీ. నా మీద దొంగ అని ముద్ర వేసి పంపారురా. అమ్మ వేలు బోసిగా ఉందేమని ఇరుగుపొరుగు వాళ్లు అడిగితే, కోటకిచ్చేశానంది. ఫాదర్ గారు చర్చిలో పేరు పెట్టి మెచ్చుకున్నారట. ఆ ఆదివారం నేను మిల్లు హాస్టల్లో మంచం మీద పడి ఏడుస్తున్నాను."

"ఇప్పుడవన్నీ ఎందుకు? అయినా ఉంగరం తీసింది నువ్వేనని ఒప్పుకున్నది నువ్వేగా."

"ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నావక్కా అని ఒక్కనాడైనా అడిగావా?"

"నాకేం తెలుసు?"

"నీకు కాకపోతే ఎవరికి తెలుసు? ఆ వారమే నీ కాళ్లకి అంత ఖరీదైన విదేశీ జీన్స్ ప్యాంటు ఎలా వచ్చింది?"

"అది... అది స్నేహితుడిది."

"ఏ స్నేహితుడు?"

"ఉన్నాడ్లే ఒకడు."

"పేరు?"

"గుర్తులేదు."

"పేరు చెప్పరా."

"నాకప్పుడు పదిహేనేళ్లక్కా! వీధిలో కుర్రాళ్లందరికీ ఉంది, నాకే లేదు. నాన్న బెల్టు తీశాడంటే... నీకు తెలీదా నాన్న సంగతి?"

"తెలుసు. ఆ బెల్టు నా వీపు మీద పడింది."

"చెప్దామనే అనుకున్నా. నాన్న పోయాక చెప్దామనుకున్నా. అప్పటికి అమ్మ ఆ కథని ఎంత సంబరంగా చెప్పుకునేదో! నా మనవలకీ చెప్పింది. నోరు రాలేదు."

"నేను చచ్చినా నీకు నోరు రాదు."

"తిట్టు. నన్నెంతయినా తిట్టు. కొడుకు దొంగని తెలిస్తే అమ్మ గుండె పగిలిపోయేది. ఆవిడ ఆ సంగతి తెలియకుండానే వెళ్లిపోయింది, నాకదొక్కటే ఊరట."

"ఊరటా?"

"మరి కాదా?"

"వీతోల్ద్ గారూ! నా పేరు కింగా, ఈ వీడియో గురించి ఫోన్లో మాట్లాడాం. క్షమించండి, కింద స్కూలు పిల్లలు అడ్డమొచ్చారు. ఈవిడేనా మీ అక్కగారు?"

"అవునమ్మా. అక్కకి ఒంట్లో బాగాలేదు, నేనొక్కణ్ణే..."

"నాకేం కాలేదు తల్లీ. పెట్టు నీ కెమెరా."

"అక్కా, వద్దు."

"కొంచెం ఇటు జరగండమ్మా, ఆ అద్దంలో నేను పడుతున్నాను. ఆ, అలా. అమ్మగారు ఉంగరం ఇచ్చిన రోజు మీకు గుర్తుందా?"

"ఎందుకు లేదు? అమ్మ నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి తలుపేసింది. నా చేతులు రెండూ పట్టుకుని, ఉంగరం నువ్వే తీశావని నాన్నతో చెప్పవే అంది. వాడు మగపిల్లాడు, చదువుకోవాలి, వాడికి పేరు చెడకూడదు అంది."

"అక్కా... అంటే, అమ్మకి తెలుసా?"

"తెలియడమేంట్రా? నువ్వు తీస్తుంటే గుమ్మంలో నిలబడి చూసింది."