ఎండకు జారిన ముఖం

ఎండలో పెట్టమని వాళ్ళే రాశారు తూదా! నా సొంత తెలివి కాదు. "గాలి ఆడే వెచ్చటి చోట ఆరబెట్టండి" అని ఉంది ఆ కాగితంలో. నీ కూతురు యమ్నాయే ఫోన్లో చదివి వినిపించింది. మన ఊళ్ళో గాలి ఆడే వెచ్చటి చోటంటే ఏమిటి? డాబా. ఖర్జూరాలు ఎక్కడ ఆరబెడతాం? డాబా మీద. గోధుమలు? ఉన్ని? తడిబట్టలు? మరి దీన్నెక్కడ పెట్టను, నా నెత్తిన పెట్టుకోనా?

వాళ్ళ దేశంలో ఎండంటే దీపం వెలుగంత. ఈ ఎడారి ఊళ్ళో, మన వార్జాజాత్‌లో ఆగస్టు నెల ఎలా ఉంటుందో వాళ్ళకేం తెలుసు!

లోపలికి రా. గుమ్మంలో నిలబడకు. తలుపు తీసే ఉండనీ. పక్కింటివాళ్ళు చూస్తే చూడనీ, ఈ వయసులో మనమీద ఏం కథలల్లుతారు? అదిగో, బల్ల మీద, ఆ గుడ్డ కింద ఉంది. ఉహుఁ, ఇప్పుడే తియ్యకు. ముందు నేను చెప్పేది విను.

నిన్న వచ్చి ఉంటే ఎంత బాగుండేది. నిన్న మధ్యాహ్నం దాకా అచ్చం హమ్మూయే. నా తమ్ముడు, నీ మొగుడు, ఇరవై ఆరేళ్ళవాడు, కళ్ళు మూసుకుని.

ఆ పెట్టె వచ్చిన రోజు నాకు నవ్వొచ్చింది, నిజం చెబుతున్నా. యమ్నా అగాదిర్ నుంచి పంపిందంటే ఏ మిక్సీయో అనుకున్నా. విప్పితే అన్నీ ముక్కలు. చెవులు ఒక సంచిలో. మెడకి పెట్టే గొట్టాలు ఒక సంచిలో. ఇనుములా కనిపించే కిరీటం రేకులు, కణతల కింద వెలిగే బుల్లి దీపాలు, గరుకు కాగితం, జిగురు. అన్నిటికీ అడుగున, కాగితం చుట్టి పడుకోబెట్టినట్టు, ముఖం.

విదేశాల్లో గడ్డాలు నెరిసిన పెద్దమనుషులు ఇలాంటి బొమ్మ తలలు కొనుక్కుని ఇంట్లో కూర్చుని అతికించుకుంటారట! సినిమాలో చూసిన వస్తువు తమ గూట్లో ఉండాలట. ఆ నక్షత్రాల సినిమా అంటే వాళ్ళకి ప్రాణమట. మన హమ్మూ అందులో గాజుపెట్టెలో పడుకున్న చచ్చిన రాజు. మాటా లేదు, పలుకూ లేదు. కనబడేది ఎంతసేపు? గ్లాసులో టీ పోసినంతసేపు. ఆ ముఖాన్నే అచ్చుపోసి అమ్ముకుంటున్నారు. అది ఎవడి ముఖమో వాళ్ళకి తెలీదు.

ముఖం అచ్చు తీసిన రోజు నేనూ అక్కడే ఉన్నాను కదా. ముక్కులో రెండు గొట్టాలు పెట్టి, తడి ముద్ద మెత్తారు. ముఖం లేదు, కళ్ళు లేవు, తెల్లటి ముద్ద ఊపిరి తీస్తోంది. ముద్ద ఊడదీశాక వాడేమన్నాడో తెలుసా? "అన్నా, సమాధిలో చల్లగా బాగుందిరా" అన్నాడు. నీకు చెప్పే ఉంటాడు. చెప్పలేదా? సరే.

అసలు ఈ ఊళ్ళో సినిమాల కోసం చావని మగాడెవడు చెప్పు? నేను రెండుసార్లు ఫారో సైన్యంతో కలిసి సముద్రంలో మునిగిపోయాను, అక్కడ నీళ్ళు కూడా లేవు. మంగలి బ్రాహీమ్‌ని సింహాలు తినేశాయి. హమ్మూ చావులకైతే లెక్కే లేదు. బల్లెం పోటుకి పోయాడు, విషం తాగి పోయాడు, కోటగోడ మీంచి పడి పోయాడు. సాయంత్రానికి స్టూడియో బస్సు దిగి, ఒంటినిండా నెత్తుటి రంగుతో ఇంటికొచ్చి, "తూదా, ఆకలే!" అనేవాడు.

అందుకే కదా, పని కోసం దొంగచాటుగా స్పెయిన్ పోయే పడవ మునిగిందని, అందులో వాడున్నాడని నేను వచ్చి చెబితే, నువ్వు నా ముఖం మీదే నవ్వావు! "పోయిన వారం కూడా చచ్చాడుగా బావా" అన్నావు. అబ్బ, ఆ నవ్వు! ఇప్పటికీ ఒక్కోసారి టీ తాగుతుంటే వినబడుతుంది.

శవం దొరకలేదు. వాడిదంటూ ఉన్న ఒక్క ఫోటో జేబులో పెట్టుకుని వాడే తీసుకుపోయాడు.

అప్పట్నుంచీ షూటింగ్ ఉన్న ప్రతి సాయంత్రం నువ్వు బస్సు దగ్గర ఉంటావు. దిగే ప్రతి కుర్రాడి ముఖంలోకీ చూస్తావు. రంగు కింద, పెట్టుడు గడ్డం కింద వెతుకుతావు. "పిన్నీ, నీ మొగుడు ఇవాళ రోమ్ వెళ్ళాడు, రేపొస్తాడు" అని వెక్కిరించేవాళ్ళు వెధవలు. ఒకడి దవడ పగలగొట్టాను కూడా. నీకు చెప్పలేదులే.

తెల్లబట్ట కట్టలేదు నువ్వు. ఊళ్ళో ప్రతి విధవా కడుతుంది, నువ్వు కట్టలేదు. వాడికి ఆఖరి నమాజు చదివించనివ్వలేదు. నేనెంత పోరాను! మన మసీదు ఫఖీహ్ ఎంత చెప్పాడు! "దూరాన పోయినవాళ్ళకి శవం లేకపోయినా నమాజు ఉంది తల్లీ" అని. నీది ఒకటే మాట. "కళ్ళు మూసుకున్న ముఖం ఒక్కసారి చూపించండి. చూస్తే తెల్లబట్ట కడతాను. బస్సు దగ్గరికి వెళ్ళను." ఎవడు చూపించగలడు?

యమ్నా ఆ మాట పట్టుకుంది. తండ్రి పోయేనాటికి కడుపులో ఉన్న పిల్ల. ఎక్కడెక్కడ వెతికిందో, ఈ పెట్టెని పట్టుకుంది. "పెదనాన్నా, నువ్వు అతికించు. అమ్మ చూస్తుంది. శుక్రవారం నమాజు చదివిద్దాం. ఆ తర్వాత అమ్మని నాతో తీసుకుపోతా" అంది. సరేనన్నాను. కాదంటానా? ఇన్నేళ్ళూ నేను అడిగిందీ అదే కదా!

కానీ నేనేమన్నా ఇలాంటి పనులు ఎరిగినవాడినా? జీవితమంతా లారీ టైర్లు విప్పాను, బిగించాను. మొదటిరోజే నా బొటనవేలు వాడి చెవికి అతుక్కుపోయింది. జిగురు ఊడేదాకా తమ్ముడి చెవి పట్టుకుని నిలబడ్డాను, చిన్నప్పుడు మేకల్ని వదిలేసి ఆటలకి పోయినప్పుడు పట్టుకున్నట్టు. లప్పం సరిగ్గా కలపడం రాలేదు, కారిపోయి మీసంలా గట్టిపడింది. నవ్వు, పర్లేదు. నేనూ నవ్వాను.

రంగు వేసేముందు సబ్బుతో కడగాలన్నారు. అచ్చు జిడ్డు ఉంటుందట, పోకపోతే రంగు పట్టదట. వాకిట్లో కూర్చుని నల్లసబ్బు, హమ్మామ్‌లో ఒళ్ళు రుద్దుకునే తొడుగు తీసుకున్నా. చెయ్యి దానంతటదే కుడి చెంపతో మొదలెట్టింది, తూదా. మా నాన్నకి ఆఖరి స్నానం చేయించిన చెయ్యి కదా, దానికి తెలిసిన వరస అదే. కుడి చెంప, ఎడమ చెంప, ముక్కు, చెవుల వెనక. నోట్లో ఏదో గొణుగుతున్నానని సగంలో తెలిసింది. ప్లాస్టిక్ బొమ్మని కడుగుతూ దువా చదివే వెర్రివాణ్ణి ఎక్కడైనా చూశావా?

ఆ... పూర్తిచేశాలే. సగంలో ఎలా వదిలేస్తాం?

కనుబొమ్మ మీద గీత కూడా అలాగే ఉంది. మేకపోతు పొడిచిన గీత. అది అచ్చులో వచ్చిన లోపమట, లప్పం నింపి రుద్దెయ్యమని బొమ్మ గీసి మరీ చూపించారు. లోపమట! మా అమ్మ ఆ రోజు ఎంత ఏడ్చిందో వాళ్ళకేం తెలుసు? రుద్దలేదు నేను.

తర్వాత అడుగు రంగు. నల్లది. అది వేసి డాబా మీద పెట్టి, వచ్చి కాస్త నడుం వాల్చాను.

అదే నేను చేసిన పని.

లేచి వెళ్ళేసరికి బుగ్గలు జారిపోయాయి. కళ్ళ కింద సంచులు దిగాయి. పెదవి ఒక కొస కిందకి వాలింది. నలుపు ఎండని తాగేసింది, ప్లాస్టిక్ మైనంలా మెత్తబడిపోయింది. ముందు తిట్టాను. ఆ కంపెనీవాణ్ణీ, వాడి తాతనీ తిట్టాను. దగ్గరికెళ్ళి చూశాక, తూదా, తిట్టడం మానేశాను. అక్కడే కూర్చున్నాను.

వాడు ముసలాడైపోయాడు! ఒక్క మధ్యాహ్నంలో!

ఎక్కడో ఇన్నేళ్ళూ బతికి, ఎండలో కూలి చేసి, అలిసిపోయి వచ్చి పడుకున్నవాడి ముఖం. ఎడమ కంటి కింద ఈ మడత ఉంది చూడు నాకు, ఇదిగో, అదే మడత వాడికీ. ఇలాగే ఉండేవాడు కదా ఇప్పుడు? చెప్పు, ఇలాగే కదా ఉండేవాడు?

పొద్దున మళ్ళీ డాబా ఎక్కాను. పక్కన కూర్చుని వాడికన్నీ చెప్పాను. మీ వదిన పోయిందిరా అన్నాను. చెరువు ఎండిపోయిందిరా. సినిమావాళ్ళు ఇప్పుడు సైన్యాలన్నీ కంప్యూటర్లో చేసుకుంటున్నారు, మనకి చావడానిక్కూడా పని దొరకట్లేదురా అన్నాను. పెదవి అటు వాలింది కదా, విని మూతి విరిచినట్టే ఉంది.

ఏమిటి? సరిచెయ్యొచ్చా అనా?

చెయ్యొచ్చు. అదీ రాశారు కాగితంలో. వంగితే మరిగే నీళ్ళు పొయ్యాలట. పోస్తే దాని అసలు రూపానికి అదే వచ్చేస్తుందట. ఏ ముఖంగా పుట్టిందో ఆ ముఖంగా.

చెయ్యలేదు. ఎందుకంటే... నీళ్ళు లేవు. ఆ పొయ్యి మీదవి టీకి. పుదీనా కూడా కడిగి పెట్టాను, చూడు.

అయ్యో, తియ్యొద్దన్నానా! సరే, తీశావుగా. చూడు. చూసుకో. నువ్వేమంటావో నాకు తెలుసు. "చూశావా బావా, నేను చెప్పలేదూ, బతికే ఉన్నాడు" అంటావు. అను. ఇవాళ నేను కాదనను. ఒక్క మాట కూడా ఎదురు చెప్పను.

ఏమన్నావ్?

"ఈ ముసలాయన ఎవరు" అంటావేమిటి? హమ్మూ! కనుబొమ్మ చూడు! ... నా ముఖమా? నా ముఖం ఎందుకవుతుంది, మేకపోతు పొడిచింది నన్ను కాదుగా... నీ మొగుడికి ఇరవై ఆరేళ్ళా? ఇంకా ఇరవై ఆరేనా తూదా? అందుకా బస్సు దగ్గర కుర్రాళ్ళ ముఖాలే చూస్తావు? వెనక సీట్లోంచి ఎందరు ముసలివాళ్ళు దిగేవారు, ఒక్కడి వంకా చూడలేదు నువ్వు. వాడు ఆ వయసు దాటి రాడని నీకు... నీకు ఎప్పుడో తెలుసా?

ఆగు. కెటిల్ ఎందుకు? అది పెట్టెయ్. తూదా, పొయ్యకు. చెబుతున్నా వినూ! ఫఖీహ్‌కి పొద్దున్నే నేనే కబురు పంపాను, ఈ శుక్రవారం వద్దని. నువ్వొప్పుకోలేదని చెప్పించాను. అవును, నీ పేరే చెప్పాను. నువ్వు కాదు, నేనే. తెల్లబట్ట కట్టమని, నమాజు చదివించమని, మరిచిపొమ్మని నీ మీద కేకలు వేసినన్నాళ్ళూ, నువ్వు ఒప్పుకోవనే ధైర్యంతోనే వేశాను. నువ్వు బస్సు దగ్గర నిలబడి ఉన్నంతకాలం నేను ఇంట్లో నిశ్చింతగా పడుకున్నాను. నువ్వే మానేస్తే వాడికోసం ఎవరున్నారు?

నాకన్నా చిన్నవాడు. వాడు పోయాడని లోపల నేనెప్పుడూ అనుకోలేదు.

పోస్తావా? ... పొయ్యి మరి. నీ మొగుడు. పిడి కాలుతుంది, కొంగు పట్టి పట్టుకో. మెల్లగా. నుదుటి మీంచి పొయ్యి.

నేను ఇటు తిరుగుతాను.

అయిందా? ... ఏడువు, ఏడువు. ఎవరూ ఏమనుకోరు. ఎన్నాళ్ళ ఏడుపు అది. యమ్నాకి ఫోన్ చెయ్యి. ఫఖీహ్ దగ్గరికి కూడా నువ్వే వెళ్ళి చెప్పు, నాకు సిగ్గు. శుక్రవారం నమాజుకి వస్తాను, ముందు వరసలోనే నిలబడతాను, అందులో లోటు చెయ్యను.

చూడమని బలవంతం చెయ్యకు అమ్మా. ఎంత బాగున్నా సరే, నేను వెనక్కి తిరగను. ఇరవై ఆరేళ్ళవాడు నీవాడు, నువ్వు తీసుకుపో. పొద్దున డాబా మీద నాతో కూర్చున్న ముసలాడు నాకు చాలు.