యౌ అన్న దిగని ఓడ

ఏంటి తల్లీ, ముందు కూర్చో. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది, ఇటు రా. ఏం అడిగావ్? మీ తాత గురించా? యౌ తాత గురించేనా? మీ నాయనమ్మ పోయి నెల కూడా కాలేదు, ఇప్పుడెందుకు గుర్తొచ్చాడే ఆయన? ఓహో... ఆవిడ బూడిద పెట్టిన అర పక్కన రెండో అర ఖాళీగా ఉందనా. ఖాళీగానే ఉంటుందమ్మా. అందులో పెట్టడానికి ఆయనది గోరుముక్క కూడా మనకి దక్కలేదు. భూమికి అటు చివర, చలిసముద్రం అడుగున, ఆ ఓడతో పాటే ఉన్నాడు. ఓడ పేరు ఎందుకులే, ఆ పేరు నా నోటితో అని ఎన్నేళ్లయిందో. గంజి తింటావా? చేప ముక్కలు వేసి కాచింది మా కోడలు. వద్దా. సరే, టీ అయినా తాగు.

నీకు తెలీదు గానీ, అప్పట్లో బ్రిటిష్ రాణిగారి యుద్ధనౌకల్లో బట్టలుతికేది మన హాంకాంగ్ వాళ్లే. తుపాకులు, క్షిపణులు వాళ్లవి, సబ్బునురగ మనది. మా ఓడలో ముగ్గురం. యౌ అన్న మేస్త్రీ. నేను ఆయన కింద. పూన్ అని ఒకడు బూట్లు కుట్టేవాడు, గుండీలు కుట్టేవాడు. ఓడ అడుగున, వెనక వైపు, కిటికీ కూడా లేని ఇనపగది మాది. ఆ ఆవిరీ, ఆ వేడీ... పైన మంచు పడుతున్నా మేం బనియన్లతోనే ఉండేవాళ్లం. మీ తాత నోరు మాత్రం, అబ్బో! నేను మడతపెట్టిన చొక్కా రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, "ఒరేయ్ కూన్, ఇది ఇస్త్రీ చేశావా, ముసలిదాని మొహం అచ్చు గుద్దావా?" అనేవాడు. అని ఊరుకునేవాడా, నా మొహానే విసిరేవాడు. మళ్లీ పావుగంటలో తన వాటా ఉప్పుచేప నా పళ్లెంలో పడేసి అటు తిరిగి తినేవాడు. అలాంటి మనిషి. ఇస్త్రీపెట్టె పట్టుకుంటే నాటకం పాటలు అందుకునేవాడు, ఆడగొంతుతో. ఆ పాట వినలేక పూన్‌గాడు చెవుల్లో దూది పెట్టుకునేవాడు.

ఇంట్లో మాత్రం ఉండింది తక్కువ. మీ నాన్న పుట్టినప్పుడు లేడు. తన తండ్రి పోయినప్పుడు లేడు, శవాన్ని మూడురోజులు ఉంచి చూసి చూసి మీ నాయనమ్మే చేయించింది అంతా. ఆ కోపం ఆవిడకి లోపల ఉండిపోయింది. ఆఖరిసారి మేం బయల్దేరిన రోజు నేను వాళ్లింటికి వెళ్లాను, కలిసి వెళ్దామని. గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో కూరలు కోసే కత్తి. "ఈసారి ఇక దిగొద్దు. ఆ ఓడలోనే కాపురం పెట్టుకో. ఇక్కడ నీకోసం ఎవరూ ఏడవడం లేదు" అంది. నేను నేలచూపులు చూశాను. ఆయనేమన్నాడో తెలుసా? "వంటింట్లో కొళాయి కారుతోంది, బాగు చేయించు." అంతే! సంచి భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు. మొగుడూ పెళ్లాల మధ్య ఆఖరి మాటలు అవే తల్లీ. నవ్వు, పర్లేదు, నవ్వొచ్చే మాటే.

ఆఁ, ఏం చెప్తున్నా? యుద్ధం. ఎనభై రెండో సంవత్సరం. ఎక్కడో దక్షిణాన గొర్రెలు మేసే దీవులట, అర్జెంటీనా వాళ్లు వచ్చి జెండా పాతారట, రాణిగారి ఓడలన్నీ బయల్దేరాయి. దార్లో నడిసముద్రంలో ఒక బోడిదీవి దగ్గర ఆగాం. అక్కడ ఒక ఆఫీసర్ కిందకొచ్చి, మీరు సైనికులు కారు కాబట్టి దిగిపోవాలనుకుంటే దిగిపోవచ్చు, ఇక్కణ్ణించి విమానంలో ఇంటికి పంపిస్తాం అన్నాడు. పూన్‌గాడికి అప్పటికే తిండి పోయింది, నిద్ర పోయింది. సూదిలో దారం కూడా ఎక్కించలేకపోయేవాడు. నేనేమో యౌ అన్న మొహం చూశాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "సంచులు సర్దండ్రా" అన్నాడు. విన్నావా? సర్దండి అన్నాడు. ఆయనా సర్దుకున్నాడు. నా కళ్లతో చూశాను, మీ నాయనమ్మకని కొన్న ఉన్ని స్వెట్టరు, లేత నీలంది, అడుగున పెట్టి పైన తన బట్టలు పెట్టాడు. పొద్దున హెలికాప్టర్ వచ్చింది. మా ఓడ వాళ్లకి ఆ విడతలో ఉన్నది ఒక్క చోటే. మేస్త్రీ కదా, ముందు ఆయన పేరే పిలిచారు. ఆయన పూన్‌గాడి మెడపట్టి ముందుకు తోశాడు. "వీణ్ణి తీసుకెళ్లండి. మేం తర్వాతి దాంట్లో వస్తాం" అన్నాడు. ఆ తర్వాతిది రాలేదు. మధ్యాహ్నానికి ఆజ్ఞ వచ్చింది, లంగరు ఎత్తేశారు. సంచులు గోడవారనే ఉన్నాయి. దక్షిణానికి వెళ్లిపోయాం.

చోటు ఎందుకిచ్చాడంటావా? ఉండు, తొందరపడకు. వస్తున్నా.

ఆ తర్వాత రోజులు... ఎలా చెప్పను. మాకు కనపడేది ఏమీ లేదమ్మా. యుద్ధమంటే మాకు చప్పుడే. మైకులో గంట మోగేది, విమానాలు వస్తున్నాయి, పడుకోండి అని. ఇనపనేల మీద బోర్లా పడుకుని, తల కింద చేతులు పెట్టుకుని వినడమే. ముందు మన ఫిరంగులు దడదడలాడేవి. తర్వాత పైన ఏదో గుడ్డ చింపినట్టు విమానం పోయేది. తర్వాత నీళ్లలో బాంబు పడితే ఓడ మొత్తం గంటలా మోగేది, పళ్లు జివ్వుమనేవి. పైనున్న ఆఫీసర్ మైకులో చెప్తూనే ఉండేవాడు, క్రికెట్ ఆట చెప్పినట్టు, "రెండు విమానాలు, ఎడమ నుంచి, కొండల మీదుగా, బాగా కిందికి..." అక్కడ ఆగిపోయేవాడు. ఆ ఆగిపోవడం ఉంది చూడు, అదే చంపేది. మంటలు అంటుకోకుండా కుర్రాళ్లందరూ తలకి తెల్లగుడ్డ ముసుగులు వేసుకునేవాళ్లు, కళ్లు మాత్రం కనపడేవి. అవి మసిబారితే మా దగ్గరికే వచ్చేవి. మీ తాత ఒక్కొక్కటీ చేత్తో రుద్దేవాడు. ఒకరోజు ఒక అర్జెంటీనా విమానం ముక్కలై మా కళ్లముందే సముద్రంలో పడింది, అప్పుడు గాలికోసం పైకి వచ్చి ఉన్నాం. కుర్రాళ్లు ఎగిరి గంతులేశారు. యౌ అన్న కేకెయ్యలేదు. కిందకి దిగుతూ, "అది నడిపినవాడికి ఎంత వయసు ఉంటుందిరా?" అన్నాడు. నాకేం తెలుసు? "మన గెథిన్ అంత ఉంటుందేమో" అన్నాను. గెథిన్ అంటే వేల్స్ కుర్రాడు, పీలగా ఉండేవాడు, చలికి ఆగలేక మా ఇస్త్రీగదిలోకి వచ్చి కూర్చునేవాడు. ఆ రోజు యౌ అన్న పాట పాడలేదు.

ఆ రోజు... పొద్దున ఎండ కాసింది. ఎండ కాస్తే భయపడేవాళ్లం మేం, మబ్బుంటే విమానాలు రావు కదా. గాయపడ్డవాళ్లని మొయ్యడానికి నన్ను ముందు వైపు పెట్టారు, ఆయన్ని వెనక వైపు, గది పక్కనే. గంట మోగింది. పడుకున్నాం. ఆఫీసర్ చెప్తున్నాడు, చెప్తున్నాడు, ఆగాడు. అంతే. నన్ను ఎవరో ఎత్తి గోడకి కొట్టినట్టైంది. దీపాలు పోయాయి. పొగ, అది మామూలు పొగ కాదు, రబ్బరు కాలినట్టు నల్లగా గొంతులో కూర్చునేది. మమ్మల్ని పైకి తరిమారు. ఓడ ఒక పక్కకి ఒరిగిపోతోంది, వెనకంతా మంటే. నేను "యౌ అన్నా! యౌ అన్నా!" అని మన భాషలో అరుస్తున్నాను, అక్కడ ఎవరికి అర్థమవుతుంది? ఎవడో నా నడుం పట్టుకుని తెప్పలోకి పడేశాడు. తెప్పలో కూర్చుని చూశాను, ఓడ వెనకభాగమే మొదట మునిగింది. మా గది ఉన్న వైపు.

ఇంకో ఓడ ఎక్కించాక గెథిన్‌ని చూశాను. చేతులకి కట్లు, కనుబొమ్మలు లేవు. నన్ను చూడగానే ఏడ్చాడు. వాడు చెప్పిందే నాకు తెలిసింది, అంతకుమించి తెలీదు. వెనక వైపు మెట్ల దగ్గర పొగలో ఊపిరాడక కుర్రాళ్లు తడుముకుంటున్నారట. మా గది తలుపులోంచి మీ తాత తువ్వాళ్లు తొట్లో ముంచి ముంచి అందించాడట. "నోరు! ముక్కు! మూసుకో, ఎక్కు!" వచ్చీరాని ఇంగ్లీషులో తిడుతున్నాడట. అవును, తిడుతున్నాడనే చెప్పాడు. తువ్వాలు పట్టుకుని ఒక్కొక్కడూ ఎక్కిపోయాడు. గెథిన్ ఎక్కుతూ వెనక్కి చూస్తే మనిషి కనపడలేదట, పొగలోంచి చెయ్యి మాత్రం వస్తోందట, తడిగుడ్డతో. వాడి వెనక ఇంకొకడు అందుకున్నాడు. ఆ తర్వాతివాడికోసం చెయ్యి రాలేదట.

ఇక్కడికి వచ్చాక నేనే వెళ్లి చెప్పాను మీ నాయనమ్మకి. ఏడవలేదు. శవం లేదు కాబట్టి ఆత్మని పిలవాలన్నారు. రేవు దగ్గర పూజారి గంట పట్టుకుని, ఏ దిక్కున పోయాడమ్మా అన్నాడు. దక్షిణం అన్నారొకరు, కాదు తూర్పునుంచి తిరిగి వెళ్లాలి అన్నారింకొకరు. మీ నాన్న బళ్లోంచి భూగోళం బంతి తెచ్చి చూశాడు. చూసి, "ఇంచుమించు మన కాళ్లకిందే" అన్నాడు. పాపం పూజారి ఏం చేస్తాడు? నేలవైపు వంగి, సిమెంటు గట్టుమీద నోరు పెట్టి పిలిచాడు, యౌ కామ్‌షుయ్, ఇంటికి రా అని. అప్పుడు కూడా ఆవిడ నిలబడే ఉంది, మోకాలు వంచలేదు.

ఎందుకో నాకు తెలుసు. ఆయన కావాలనే దిగలేదని ఆవిడ మనసులో పడిపోయింది. పేపర్లో కూడా అలాగే వేశారు, తనంతట తాను ఓడలో ఉండిపోయిన వీరుడు అని. నేను చెప్పాను, వదినా, సంచి సర్దుకున్నాడు, స్వెట్టరు పెట్టాడు, పూన్‌గాడికి చోటిచ్చాడు అంతే అని. ఎన్నిసార్లు చెప్పాను! "కూన్, నువ్వు మంచోడివి. మంచోళ్ల సాక్ష్యం చెల్లదు" అనేది. "ఇంటికి రావాలనుకునేవాడు చోటు ఇంకొకడికి ఇస్తాడా?" అనేది. ఇంట్లో పెద్దల పటాల దగ్గర ఆయన ఫోటో పెట్టలేదు చాలా ఏళ్లు, నీకు తెలీదు. బీరువాలో పెట్టింది. అసలు కారణం చెప్పడానికి నాకు నోరు రాలేదు. అంత చిన్న కారణం అది. వింటే ఇంకా మండిపోతుందనుకున్నా. ఒకసారి, మీ నాన్న పెళ్లికి ముందు, గట్టిగా నిలదీసింది. చెప్పేశా. ఆ పొద్దున బట్టలుతికే యంత్రంలో ఆఫీసర్ల తెల్లచొక్కాలు నానుతున్నాయి వదినా. పూన్‌గాణ్ణి తోసేశాక నన్ను చూసి, "తడిబట్టలు వదిలేసి పోతే కంపుకొడతాయిరా, పిండి ఆరేసి సాయంత్రం పోదాం" అన్నాడు. అంతే వదినా. ఇంకేం లేదు.

ఆవిడ "చొక్కాల కోసమా?" అంది. అవునన్నా. "వెధవ... ఆయనే. అచ్చం ఆయనే" అని నవ్వడం మొదలెట్టింది. నవ్వు ఆగలేదు, అది నవ్వో ఏడుపో నాకు తెలీలేదు. బీరువా తీసి ఫోటో తెచ్చి, జాకెట్టు చేతితోనే తుడిచి పటాల పక్కన నిలబెట్టింది. అగరుబత్తి ముట్టిస్తూ, నా వైపు తిరక్కుండానే అడిగింది, "మరి ఆరాయా ఆ చొక్కాలు?"

ఆరాయి వదినా, అన్నాను. ఇస్త్రీ చేసి, మడతపెట్టి, పైకి పంపించాం. అందరూ వేసుకున్నారు. వేసుకున్నవాళ్లలో తిరిగొచ్చింది...

ఆ టీ చల్లారిపోయింది, ఇలా ఇవ్వు తల్లీ. వేడినీళ్లు పోస్తా.