మాక్ వదిలిన గుర్తు

బల్గేరియాలోని ప్లోవ్‌దివ్‌లో ఇద్దరు భాగస్వాముల ఆర్కిటెక్ట్ ఆఫీసు. ఆమెది విండోస్ కంప్యూటరు, అతనిది మాక్. నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచుకునే డ్రైవు మాత్రం ఇద్దరికీ ఒక్కటే. ముందు ఆమే మాట కదిపింది.

“నా ఫోల్డరు తెరిచావా?”

“నాకేం పని? బనిట్సా చల్లారిపోతోంది, తిను.”

“మాట మార్చకు. నీ మాక్ ఏ ఫోల్డరు తెరిచినా అందులో ఓ చిన్న ఫైలు వదిలి వస్తుంది. నీకు కనబడదు, నా విండోస్‌లో కనబడుతుంది. ఇదిగో!”

“పొరపాటున నొక్కేశానేమో.”

“పొరపాటున అంత లోపలిదాకా వెళ్తారా ఎవరైనా? దొంగబుద్ధి కాకపోతే!”

“సరే, తెరిచాను. నీ కొత్త ఆఫీసు బోర్డు చూశాను. బాగా గీశావు.”

ఆమె గబుక్కున ఫోల్డరు మూసేసింది.

“నీ పేరు పెద్దక్షరాల్లో ఉంది. నా పేరు ఏ ఫోల్డర్లో దాచావో, అదొక్కటే దొరకలేదు.”