మోకు రెండో కొస

కృష్ణ మీద డ్యాము కడుతున్న రోజులు. బాగా చీకటి పడ్డాక మా ఎద్దు ఒక్కటే ఇల్లు చేరింది. మెడలో మోకు. మోకు చివర మా అబ్బాయి అబ్రహాము పంచె.

మిరప నారుకి గబ్బిలాల ఎరువు తెస్తానని కొండ బిలానికి వెళ్ళాడు వాడు. గబ్బిలాలు మేతకి లేచాకే లోపలికి దిగాలి. దిగేవాడి నడుముకి మోకు కట్టి, రెండో కొస ఇంటి మనిషి బయట పట్టుకోవాలి. నేనొస్తానంటే వద్దన్నాడు.

ఎద్దు మెడలోంచి మోకు విప్పి, పంచెతో సహా చంకలో పెట్టుకుని పరుగెత్తాను. ఊరి చివర మౌలాలీ టీకొట్టు దగ్గర వాడి గొంతు వినిపించింది. తడిక పక్కన కూర్చున్నాను. సందులోంచి చూస్తే వాడే. నడుముకి గోనెసంచి, చేతిలో టీ గ్లాసు.

“నేనేం పెద్ద పని చేశానని చెప్పను బసవయ్య బాబాయ్, బిలం మూతి కాడ రెప్ప కొట్టకుండా నిలబడ్డా, అంతే. ముందు ఒకటీ రెండూ వచ్చినయ్, ఆనక తడికట్టెల పొయ్యిలో పొగ లేసినట్టు గుప్పున లేసినయ్, ఆకాశం మూసుకుపోయింది, ముప్పాళ్ళలో కోళ్ళు రాత్రయిందనుకుని గంపల కింద దూరినయ్.”

ముప్పాళ్ళ కబురు అప్పుడే నీకెవరు చెప్పారని అడిగాడు బసవయ్య.

“చెప్పేదేంది, పైనుంచి నేనే చూశా. అసలు సంగతి ఇను. వాటి రెక్కల గాలికి నా కాళ్ళు తేలినయ్, పడతానేమోనని రెండిటి కాళ్ళు పట్టుకున్నా, మిగతావన్నీ కిందికి చేరి ఎత్తినయ్. కోటప్పకొండ కందిగింజంత కనపడింది. అట్నుంచి కృష్ణ మీదికి. డ్యాము కాడ కూలోళ్ళు తట్టలు దించి నన్నే చూస్తన్నారు, ఇంజనీరు టోపీ తీసి ఊపాడు, నేనూ ఊపుదామంటే చేతులు ఖాళీ లేవు.”

మౌలాలీ టీ వడపోస్తూ, అయితే పంచె కృష్ణలో పడిందా అన్నాడు.

“పడలా మామా, ఇచ్చా. ఓ తల్లి గబ్బిలం, రొమ్ము పట్టుకున్న పిల్ల జారిపోయిందని ఏడుస్తంది. తల్లి ఏడిస్తే నేను చూళ్ళేను, నా సంగతి తెలుసుగా. పంచె ఊడదీసి ఉయ్యాలగా పట్టా.”

“చేతులు ఖాళీ లేవంటివిగదరా.”

“పళ్ళు ఖాళీయేగా బాబాయ్. పిల్ల చక్కగా అందులో పడింది. ఆ తల్లి నా తల నిమిరి, ఏడ దించమంటావయ్యా అంది. టీ వేళయింది, మౌలాలీ మామ కొట్టు కాడ దించమన్నా.”

లేచి లోపలికెళ్ళాను. పంచె బల్ల మీద పెట్టాను. చెంగుకి ముడి, ముడికి మోకు అలాగే ఉన్నాయి.

“ఆ తల్లి ఉయ్యాల వెనక్కి పంపిందిరా. ఎద్దు మెడకి కట్టి.”

బసవయ్యకి టీ పొలమారింది. అబ్రహాము గ్లాసు దించాడు. మోకు రెండో కొస ఎద్దు మెడకి కట్టాడట. గబ్బిలాలు లేవగానే అది బెదిరి పంచెతో సహా పారిపోయిందట. కొండంతా వెతికి, ఎద్దు లేకుండా ఇంటికి రాలేక ఇక్కడ కూర్చున్నాడట. నడుముకి చుట్టుకోవాల్సిన మోకుని బద్ధకించి చెంగుకి ముడేసుకున్నాడు. ఆ బద్ధకానికి ప్రభువుకి స్తోత్రం చెప్పుకున్నాను.

“ఎద్దు ఇంటికి చేరిందా అమ్మా?”

“చేరింది. నువ్వే చేరలా.”

కొట్టు వెనక్కెళ్ళి పంచె కట్టుకొచ్చాడు. ముడి బిగిసిపోయింది, ఊడిరాలేదు. అలాగే నడిచాం. ఇంటిదాకా మోకు రెండో కొస నేనే పట్టుకున్నాను.