సున్నా మీద ఎర్ర క్లిప్పు

ఆ మధ్యాహ్నం సెంట్రిఫ్యూజ్ బ్రేకు తొమ్మిదిలో ఎవరు ఉంచారు? ఆరేళ్లుగా నేను ఈ ప్రశ్నతోనే నిద్ర లేస్తున్నాను. ముందు వయసు, వృత్తి చెప్పాలని గుమాస్తాగారు అన్నారు. "ఆవిడ మొదలుపెట్టినట్టే రాయండి, అవి ఎక్కడికీ పోవు" అని మేజిస్ట్రేటుగారు అన్నారు. అందుకని ప్రశ్న ముందు వచ్చింది.

నా పేరు, చిరునామా విడిగా ఇచ్చిన కాగితంలో ఉన్నాయి. వయసు నలభై ఆరు. విశ్వవిద్యాలయ పరిశోధనశాలలో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. రక్తంలోంచి రోగనిరోధక కణాలను వేరుచేసి, వాటిమీద కొత్త మందులు ఎలా పనిచేస్తాయో చూడడం నా పని. నా భర్త బడిలో లెక్కల మాస్టారు. ఒక కూతురు. ఈ కేసులో నిందితుడు మా ల్యాబ్ టెక్నీషియన్. ఆయన్ని అందరం బాబాయ్ అనేవాళ్లం. చుట్టరికం ఏమీ లేదు. నాకు ఈ పని చెయ్యి పట్టి నేర్పింది ఆయనే.

బ్రేకు తొమ్మిదిలో పెట్టి నలుగురు రోగుల రక్తం పాడుచేశాడని, లాగ్ బుక్కులో మాత్రం 'బ్రేకు సున్నా' అని దొంగరాత రాశాడని బాబాయ్ మీద ఆరోపణ. తీర్పు వచ్చే వారం. ఆరేళ్ల కిందట ఇన్‌స్పెక్టరుగారికి నేనిచ్చిన వాంగ్మూలం మీదే కేసు నిలబడి ఉంది. దానికి కొంత చేర్చడానికి ఈరోజు నా అంతట నేనే వచ్చాను. ఎవరూ పిలవలేదు. ఎవరూ బెదిరించలేదు. బెదిరించలేదనే అనుకుంటున్నాను. ఆ సంగతి కింద చెబుతాను.

బ్రేకుకూ రక్తానికీ సంబంధం ఏమిటని మేజిస్ట్రేటుగారు అడిగారు. ట్యూబు అడుగున ఒక బరువైన ద్రవం పోస్తాం. పలచన చేసిన రక్తాన్ని దాని మీద పొరగా నిలబెడతాం. రెండూ కలవకూడదు. ట్యూబును వాల్చి పట్టుకుని, గోడ వెంట చుక్కచుక్కగా జార్చాలి. బాబాయ్ ఆ పని చేసేటప్పుడు ఊపిరి కూడా నెమ్మదిగా తీసేవాడు. "మనం వచ్చామని కింద ఉన్నదానికి తెలియకూడదు తల్లీ. నిద్రపోయే పసిబిడ్డ పక్కన కూర్చున్నట్టు కూర్చోవాలి" అనేవాడు. తర్వాత ట్యూబుల్ని సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి అరగంట గిరగిరా తిప్పుతాం. ఎర్రకణాలు అడుక్కి పోతాయి, పసుపు నీరు పైకి తేలుతుంది. మధ్యలో పల్చటి తెల్లని ఉంగరంలాంటి పొర ఒకటి నిలుస్తుంది. మాకు కావలసిన కణాలు అందులో ఉంటాయి. ఆ ఉంగరం ఎంత సున్నితమంటే, యంత్రం బ్రేకు పడి గబుక్కున ఆగితే చెదిరిపోతుంది. అందుకే ఆ అరగంట తిప్పుడుకి బ్రేకు సున్నాలో ఉండాలి, అంటే అసలు పడకూడదు. యంత్రం తనంతట తాను ఆగడానికి పద్నాలుగు నిమిషాలు పడుతుంది. తర్వాత కణాలను కడిగేటప్పుడు తిప్పే తిప్పుడుకి మాత్రం బ్రేకు తొమ్మిదిలో పెట్టొచ్చు. రెండు నిమిషాల్లో ఆగుతుంది.

మా యంత్రం పాతది. బ్రేకు డయల్ కుడి పక్కన, కిందుగా ఉంటుంది. వంగితేగాని అంకె కనపడదు. ఒకరు కడిగి వెళ్తే, తర్వాతివాళ్లు చూసుకోక రక్తం పాడవడం రెండుసార్లు జరిగింది. అప్పుడు నేనే ఒక పద్ధతి పెట్టాను. కడగడం అయినవాళ్లు బ్రేకు సున్నాకి తెచ్చి, డయల్ చుట్టూ ఉన్న రేకుకి ఎర్ర క్లిప్పు పెట్టాలి. అది నా జడ క్లిప్పు, ఒక పన్ను విరిగింది. క్లిప్పు ఉంటే డయల్ తిరగదు. తిప్పాలంటే క్లిప్పు తీయాల్సిందే. క్లిప్పు ఉందంటే సున్నా అని అర్థం. నాలుగేళ్లు ఎవరూ పొరపాటు పడలేదు. రానురాను వంగి అంకె చూడడం కూడా అందరం మానేశాం.

ఆ రోజు జరిగింది వరసగా చెబుతాను. ఉదయం పదకొండున్నరకి నలుగురు రోగుల రక్తం వచ్చింది, ఎనిమిది ట్యూబులు. కొత్త మందు మొదటి డోసు పడకముందు తీసిన రక్తం అది. పన్నెండింటికి డోసు పడుతుంది. ఒకసారి మందు ఒంట్లోకి వెళ్లాక, వెళ్లకముందు రక్తం మళ్లీ దొరకదు. బాబాయ్ మూడింటికి వెళ్లిపోవాలని పొద్దున్నే అడిగాడు. ఆయన భార్యకి, మేం పిన్ని అంటాం, కంటి ఆపరేషన్ కట్టు ఆరోజు విప్పుతారు.

ఒంటిగంటా ముప్పై రెండుకి నేను వేరే కణాలు కడగడానికి యంత్రం ఆన్ చేశాను. బ్రేకు తొమ్మిది. ఒంటిగంటా నలభై నాలుగుకి ట్యూబులు బయటికి తీశాను. ఆ సమయానికి గుమ్మంలో, మేం పొడుగాయన అని పిలిచే తోటి పరిశోధకుడు నిలబడి ఉన్నాడు. ఆయన నాకన్నా నాలుగేళ్లు చిన్న, అక్కా అంటాడు. కణాలకి సన్నటి అయస్కాంతపు పూసలు అంటించి లాగేసే పద్ధతి మీద పనిచేస్తున్నాడు. మా పొరల పద్ధతి అంటే ఆయనకి వేళాకోళం.

"అయస్కాంతం చేతిలో పెట్టుకుని ఇంకా ఈ తిరగలి ఎందుకక్కా? బాబాయ్ రిటైరయ్యేదాకా తిప్పుతూనే ఉంటారా?" అన్నాడు.

"నీ పూసల ఖరీదుకి నాలుగు తిరగళ్లు వస్తాయి, పోరా" అన్నాను. నవ్వుతూనే క్లిప్పు పెట్టాను. చేతిలో ట్యూబులతో పక్కగదికి వెళ్లి మైక్రోస్కోపు ముందు కూర్చున్నాను.

ఒంటిగంటా యాభై ఐదు నుంచి రెండూ ఐదు వరకు పొడుగాయన యంత్రం గదిలో ఒక్కడే ఉన్నాడు. రెండు గదుల మధ్య అద్దంలోంచి ఆయన వీపు కనపడింది. అయస్కాంతం స్టాండు కోసం వెళ్లానని తర్వాత చెప్పాడు. స్టాండు యంత్రం పక్క బల్ల మీదే ఉంది, చెయ్యి చాపితే అందుతుంది. పది నిమిషాలు ఏం చేశావంటే ఫోన్ మాట్లాడానన్నాడు. నేను ఫోన్ మోగడం వినలేదు. మైక్రోస్కోపు ముందు కూర్చుంటే, నన్ను పిలిస్తే తప్ప నాకు ఏమీ వినపడదన్నది కూడా నిజమే.

రెండూ పదికి బాబాయ్ ఎనిమిది ట్యూబులూ పెట్టి, లాగ్ బుక్కులో 'బ్రేకు సున్నా' అని రాసి, యంత్రం ఆన్ చేశాడు. రెండూ నలభైకి టైమరు మోగింది. రెండూ నలభై రెండుకి శబ్దం ఆగిపోయింది. "ఇదేంటమ్మాయ్, అప్పుడే ఆగిందేంటి?" అని బాబాయ్ కేక వేశాడు. పరుగెత్తుకెళ్లాను. మూత తీసి చూస్తే, పాలు విరిగినట్టు ట్యూబులన్నీ ఎరుపూ పసుపూ కలగలిసి ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ ఉంగరం లేదు. డయల్ తొమ్మిదిలో ఉంది. దాని పైన క్లిప్పు ఉంది. రక్తాన్ని మళ్లీ పొరలుగా పోసి తిప్పాం. పరీక్షకు చాలినన్ని కణాలు రాలేదు. వచ్చినవీ శుభ్రంగా లేవు. బాబాయ్ మూడింటికి వెళ్లలేదు. ఆరింటికి వెళ్లాడు. ఆ రోజు పిన్నికి కట్టు విప్పినప్పుడు పక్కన ఎవరూ లేరు.

ఇన్‌స్పెక్టరుగారు నన్ను నాలుగు ప్రశ్నలు అడిగారు. క్లిప్పు ఎవరు పెట్టారు? నేను. అప్పుడు బ్రేకు ఎంతలో ఉంది? సున్నాలో. చూశారా? చూశాను. తర్వాత యంత్రం ఎవరు నడిపారు? బాబాయ్. అంతే. మూడింటికి వెళ్లాలన్న తొందరలో, పన్నెండు నిమిషాలు మిగుల్చుకోవడానికి బాబాయే క్లిప్పు తీసి, బ్రేకు వేసి, మళ్లీ పెట్టేశాడని తేల్చారు. ఆ కేక కూడా నాటకమన్నారు. నేనూ కొన్నాళ్లు అలాగే అనుకున్నాను. ఇరవై ఆరేళ్లు ఊపిరి బిగబట్టి పనిచేసిన మనిషి పన్నెండు నిమిషాల కోసం అలా చేస్తాడా అని అప్పుడప్పుడు అనిపించేది. పిన్ని గుర్తొస్తే, చేస్తాడేమోననీ అనిపించేది.

ఏడాది దాటాక, నేనే బ్రేకు చూడలేదేమోనని ఇంట్లో చెబితే నా భర్త నవ్వారు. "తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తావు. గ్యాస్ కట్టేశానా అని వీధి మలుపు నుంచి వెనక్కి వస్తావు. నువ్వు బ్రేకు చూడకుండా ఉంటావా?" అన్నారు. ఆ మాట నాకు చాలా బలమిచ్చింది. నాలుగేళ్లకు పైగా ఆ మాట మీదే బతికాను.

గత నెల పదకొండో తేదీ ఉదయం పది గంటలకి కొత్త విద్యార్థులకు ఈ పద్ధతే చూపిస్తున్నాను. అదే యంత్రం. వాళ్లతో మాట్లాడుతూ క్లిప్పు పెట్టి, "క్లిప్పు ఉందంటే సున్నా అని అర్థం" అన్నాను. ఒకమ్మాయి వంగి చూసి, "మేడమ్, తొమ్మిది మీద ఉందండి" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా చెయ్యి బ్రేకు తగ్గించినట్టే నాకు గుర్తుంది. ఇప్పటికీ అలాగే గుర్తుంది. డయల్ మాత్రం తొమ్మిదిలో ఉంది.

ఆ తర్వాత పది రోజుల్లో నలభైసార్లు అదే పని చేసి, ప్రతిసారీ చేశాక అంకె చూసి రాసుకున్నాను. ముప్పై ఎనిమిదిసార్లు సున్నా. రెండుసార్లు తొమ్మిది. ఆ రెండుసార్లూ ఎవరో నాతో మాట్లాడుతున్నారు. ఆ నోటు పుస్తకం దీనితో ఇస్తున్నాను. నన్ను నేను కనిపెట్టుకుంటూ చేసిన పరీక్ష ఇది, ఆరేళ్ల కిందటి మధ్యాహ్నం గురించి ఏదీ రుజువు చేయదని తెలుసు. ఆ మధ్యాహ్నం కూడా క్లిప్పు పెడుతున్నప్పుడు ఒకరు నాతో మాట్లాడుతున్నారని మాత్రం చెబుతున్నాను.

ఇంకొక సంగతి. ఆ రోజు రెండూ యాభైకి మా డైరెక్టరుగారు తీసిన ఫొటో ఫైలులో ఉంది. అందులో క్లిప్పు విరిగిన పన్ను పైకి ఉంది. నేనెప్పుడూ కిందికే పెడతాను. అంటే ఎవరో తీసి మళ్లీ పెట్టారా? పొడుగాయనా? బాబాయా? ఎప్పుడూ కిందికే పెడతానని అనుకుంటున్నాను. నలభైసార్లలో ఏడుసార్లు పైకి పెట్టాను.

పొడుగాయన ఇప్పుడు మా ల్యాబ్ అధిపతి. నా పదోన్నతి కాగితం ఆయన బల్ల మీద ఉంది. నేను కోర్టుకు వస్తున్నానని నిన్న సాయంత్రం నాలుగున్నరకి ఆయనకి చెప్పాను. "ఆరేళ్ల కిందటి రక్తం అక్కా. ఇప్పుడెందుకు కదుపుతారు? మీకే అంటుకుంటుంది" అన్నాడు. టీ కూడా తెప్పించాడు. అది సలహానో హెచ్చరికో నాకు తెలియలేదు. టీ తాగాను.

నేనసలు చెప్పాలని వచ్చింది ఇంకా చెప్పలేదు. రెండూ పదికి, యంత్రం ఆన్ చేసే ముందు, బాబాయ్ యంత్రం గదిలోంచి నన్ను అడిగాడు. "అమ్మాయ్, బ్రేకు సున్నాలో ఉందిగా?" అని అడిగాడు. ఆయనకి మోకాళ్ల నొప్పి, వంగలేడు. నేను మైక్రోస్కోపులోంచి కళ్లు తీయకుండా, "ఉంది బాబాయ్, క్లిప్పు చూడు" అన్నాను. తల తిప్పలేదు. లేచి చూడలేదు. ఇది నేను ఇన్‌స్పెక్టరుగారికి చెప్పలేదు. ఆయన అడగలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదని ఆరేళ్లు నాకు నేనే చెప్పుకున్నాను.

బాబాయ్ కూడా ఈ మాట కోర్టులో ఎక్కడా చెప్పలేదని ఫైలు చూసి తెలుసుకున్నాను. చెబితే ఆయనకే మేలయ్యేది. పోయిన వాయిదాకి కోర్టు వరండాలో పిన్ని కనపడింది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఉంది. "నీ మీద ఒక్క మాట అనలేదమ్మా ఆయన. 'అమ్మాయి ఉందంది, ఉందనుకున్నా. దాన్నెందుకు మధ్యలోకి లాగడం' అన్నాడు" అని చెప్పింది. చెప్పి, నా చెయ్యి పట్టుకుని ఒక నిమిషం వదల్లేదు. ఆ మాట నా చెవిన వెయ్యాలనే ఆవిడ వరండాలో కాచుకుని ఉందేమో, ఆయనే పంపాడేమో అని నాకు వెంటనే అనుమానం వచ్చింది. చెయ్యి పట్టుకున్న మనిషిని కూడా అనుమానించాను. అదీ రాయమని కోరుతున్నాను.

మేజిస్ట్రేటుగారు అడిగారు, "అయితే బ్రేకు మీరు తగ్గించలేదంటారా?" అని. తగ్గించానని ఈరోజు ప్రమాణం చేసి చెప్పలేను. తగ్గించలేదనీ చెప్పలేను. నేను మరిచిపోయానో, నేను తగ్గించాక ఇంకొకరు పెంచారో, ఆ ఇంకొకరు ఎవరో నాకు తేలలేదు. ఎన్నేళ్లు ఆలోచించినా తేలుతుందన్న నమ్మకం లేదు. నాకు తెలిసింది ఒక్కటే. బాబాయ్ లాగ్ బుక్కులో సున్నా అని రాసింది, నేను ఉందన్నాను కాబట్టి. ఆ సున్నా ఆయనది కాదు, నాది.

ఆరేళ్ల కిందట 'చూశాను' అని చెప్పిన మాటను కొట్టేయమని అడిగాను. పాతదాన్ని కొట్టేయడం కుదరదని, దీన్ని దాని పక్కన చేరుస్తామని చెప్పారు. రాసినదంతా గుమాస్తాగారు నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. తెలిసింది నిజంగా చెప్పాను, తెలియనిది తెలియదనే చెప్పాను. ఎర్ర క్లిప్పు కవరులో పెట్టి ఇచ్చాను. ఈ కింద సంతకం నాదే. పెట్టేముందు తేదీ మూడుసార్లు చూసుకున్నాను.

(సాక్షి సంతకం)
మధ్యాహ్నం రెండూ పది