చైన్ పుల్లీని ఎంచుకున్నది నేనే

అయ్యా, ముందుగా నా రాతను క్షమించండి. ఏడో తరగతితో బడి మానేశాను. ఒత్తులు తప్పుతాయి, వరసలు వంకర పోతాయి. నాకు హిందీలో నోరు పెగలదు కాబట్టి హెడ్ కానిస్టేబుల్ మల్లేశ్వరరావు గారు తెలుగులోనే రాయమన్నారు. ఎస్సై గారికి తానే చదివి చెబుతానన్నారు.

నా పేరు ఫణిశ్రీ. వయసు ఇరవై రెండు. ఇంటి పని చేసుకుంటాను. రాయపూర్ మోవాలో కాపురం. నా భర్త ఈశ్వర్ రైల్వేలో ఫిట్టరు. ఈ రోజు 2016 సెప్టెంబరు 20, మంగళవారం.

మాకు చిన్న ఫైబర్ పడవ ఉంది. ఆయనే చేశారు. ఆదివారాలు ఖారూన్ నదికి చేపలకు వెళ్తారు. తిరిగొచ్చాక అడుగు ఆరేలా పడవను షెడ్డులో పైకెత్తాలి. దానికి నలుగురు మగవాళ్ళు కావాలి. ఇల్లిల్లూ తిరిగి పిలవాల్సింది నేను. గుమ్మం ముందు నిలబడి "భయ్యా, నావ్..." అనేదాన్ని. ఆ తరవాత మాట వచ్చేది కాదు. వాళ్ళు నవ్వేవారు.

ఆగస్టు 30న, ఆయన డ్యూటీకి వెళ్ళాక, పొద్దున పదకొండుకు ఇనుప సామాను కొట్టుకు వెళ్ళాను. "ఆద్మీ కో భేజో, బహన్‌జీ" అన్నాడు కొట్టాయన, మగవాణ్ణి పంపమని. నేను కదల్లేదు. ఎత్తే సాధనాలు మూడు రకాలు వేలితో చూపించి, ఇసుక బస్తా కట్టించాను. చేతి వించ్ పిడి వదిలితే గిర్రున వెనక్కి తిరిగింది. లివర్‌ది బరువు పక్కనే నిలబడి ఆడించాలి, పడవ పైకి పోతే నా చేయి అందదు. చైన్ పుల్లీకి సన్న గొలుసు లాగితే లావు గొలుసు బస్తాను లేపింది. రెండు చేతులూ వదిలేశాను. బస్తా అక్కడే నిలిచింది. మళ్ళీ లాగి మళ్ళీ వదిలాను. అక్కడే నిలిచింది! టన్నుది ఇస్తానన్నాడు. అంత బరువైనది నేను దూలానికి తగిలించలేను. మా పడవ తొంభై కిలోలే, అర టన్నుది తీసుకున్నాను.

ఇంటికొచ్చి కొక్కేనికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాను. సాయంత్రం ఆయన వచ్చేసరికి పడవ గాలిలో ఉంది.

"ఎవరెత్తారే?"

"నేనే."

"నువ్వా? మళ్ళీ చెప్పు!"

దించి, మళ్ళీ ఎత్తి చూపించాను. వీధంతా చెబుతానన్నారు. నాకు సిగ్గేసింది. తానే తెచ్చానని చెప్పేలా ఒట్టు వేయించుకున్నాను. ఏ కొట్టో ఆయన అడగలేదు.

నిన్న ఉదయం ఎనిమిదికి పక్కింటి శివాజీ గారు పోలీసులను తెచ్చారు. ఆయన ధర్సీవాలో ఒక ఫ్యాక్టరీ షెడ్డులో స్టోరు చూస్తారు. మొన్న శనివారం, పనిముట్లకు బొట్టుపెట్టే విశ్వకర్మ పూజ నాటి నుంచి వాళ్ళ చైన్ పుల్లీ కనబడటం లేదట. మా కొక్కెం మీద బొట్టు చూసి, "ఇంట్లో ఇనుముకి బొట్టెవరు పెడతారు? ఇది పూజలో పెట్టినదే, మాదే" అన్నారు. ఎక్కడ కొన్నావంటే మా ఆయన చెప్పలేకపోయారు. ఒట్టు మాత్రం తప్పలేదు. నన్నడిగితే, "ఆయనే తెచ్చారు, నాకేమీ తెలీదు" అన్నాను. రాయడం వచ్చినా, వాళ్ళు రాసిన కాగితం మీద చూపించిన చోట వేలిముద్ర వేశాను. ఆయన్నూ పుల్లీనీ తీసుకెళ్ళారు.

ఈ రోజు పదింటికి నేనే స్టేషనుకు నడిచి వచ్చి కొట్టు పేరు చెప్పాను.

"ఏటమ్మా, మొగుణ్ణి విడిపించుకోడానికేనా ఈ కథ?" అన్నారు మల్లేశ్వరరావు గారు.

పుల్లీ ఇమ్మన్నాను. వరండా దూలానికి తగిలించి, ఎస్సై గారి మోటారు సైకిలుకు పట్టీలు కట్టి లాగాను. రెండు చక్రాలూ లేచాయి. రెండు చేతులూ వదిలాను. అక్కడే నిలిచింది! "అరే, ఉతారో, ఉతారో!" అని దించమన్నారు ఎస్సై గారు. లోపలి నుంచి మా ఆయన నవ్వు వినిపించింది.

తరవాత తడిగుడ్డతో కొక్కెం తుడిచాను. పసుపూ కుంకుమా పోయి కొత్త ఇనుము బయటపడింది. స్టేషనుకు పిలిపించిన శివాజీ గారు వంగి చూసి, "మా షెడ్డులో నూనెతో నారింజ సిందూరం పూస్తారమ్మా, అది ఇలా పోదు" అని ఒప్పుకున్నారు. ఫోను చేస్తే కొట్టాయన, "చేతులు వదిలేసిన బహన్‌జీయే కదా?" అన్నాడట.

ఇదంతా నేను చేసినదీ, నేను చూసినదీ. ఎవరూ చెప్పి రాయించలేదు. నిన్నటి కాగితం మాత్రం కాల్చేయండి. కుదరదని మల్లేశ్వరరావు గారు అంటున్నారు. అయినా కాల్చేయండి అయ్యా, అందులో నాకేమీ తెలీదని ఉంది. ఈసారి వేలిముద్ర కాదు, సంతకం చేస్తున్నాను.

ఫణిశ్రీ